స్టాండులో ఎక్కువ గుంజారా? ముందు బోర్డు ఫోటో తీయండి

శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్లినా, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్లినా, రాజమండ్రిలో రైలెక్కాలని బండిని ఏదో స్టాండులో వదిలినా, చీటీల కట్ట పట్టుకుని ఎవరో ఒకరు ఎదురొస్తారు. బోర్డు మీద పది రాసి ఉండి ఇరవై అడిగితే కొందరు గొణుక్కుంటూ ఇచ్చేస్తారు. ఇంకొందరు పావుగంట గొడవపడి, ఆ తరవాత ఇచ్చేస్తారు. కాంట్రాక్టరుకు ఇద్దరూ ఒకటే.

2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇంకో దారి చూపిస్తుంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలు అక్కర్లేదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. కావలసిందల్లా కాగితాలు. అవి స్టాండు దగ్గరే పోగవ్వాలి, ఇంటికొచ్చాక దొరకవు.

మొదటి పని: డబ్బు ఎవరి పేరున తీసుకుంటున్నారో చూడండి

పార్కింగ్ రుసుములన్నీ ఒక రకం కావు. పంచాయతీ ఆశీలు పాట పెడితే పాడుకున్నవాడు వసూలు చేస్తాడు. గుడి స్థలమైతే దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారి కాంట్రాక్టుకిస్తారు. బస్టాండు స్టాండు ఆర్టీసీ ఇచ్చినది. ఈ మూడింటిలోనూ ధర కాంట్రాక్టరు ఇష్టం కాదు, పాట షరతుల్లో రాసి ఉంటుంది. కాబట్టి మీ బలం ఇక్కడే ఎక్కువ.

నాలుగోది సొంత స్థలం. తీర్థం రోజుల్లో కొబ్బరితోట యజమాని తాడు కట్టి, బండికి యాభై అంటాడు. మీరు సరేనని పెడతారు. ధర ముందే చెప్పాడు, మీరు ఒప్పుకున్నారు కాబట్టి ఎక్కువనిపించినా కేసు నిలవడం కష్టం. ఇరవై అని చెప్పి, తిరిగొచ్చేసరికి యాభై అడిగితే మాత్రం చట్టం మీ పక్కే.

ఐదోది మాల్, మల్టీప్లెక్స్. తెలంగాణ 2018 మార్చిలో జీవో 63 తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ కూడా అదే పద్ధతిని 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. మొదటి అరగంటకు రుసుము లేదు. అరగంట నుంచి గంట వరకు ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే లేదు. గంట దాటితే సినిమా టికెట్టు గానీ, పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ మొత్తానికి బిల్లు గానీ చూపిస్తే లేదు. ఇది పట్టణాల మాట. అమలాపురం మున్సిపాలిటీయే గానీ రాజోలు, కొత్తపేట పంచాయతీలు, కాబట్టి ఆ రెండు చోట్లా పాట షరతులే చూసుకోవాలి. విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్లినప్పుడు మాత్రం ఈ లెక్క గుర్తుంటే పనికొస్తుంది.

రెండో పని: ఆ ఐదు నిమిషాలు

గేటు దగ్గరి కుర్రాడితో పేచీ పెట్టుకోకండి. అతను రోజు కూలికి నిలబడ్డవాడు, ధర పెంచింది అతను కాదు. అడిగింది ఇచ్చేయండి, కానీ ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఇవ్వండి. ఎవరి ఖాతాలో పడిందో, ఏ నిమిషంలో పడిందో అదే చెబుతుంది. తరవాత చీటీ అడగండి.

"చీటీలు అయిపోయాయండి" అంటే అదీ మీకు పనికొచ్చే మాటే. చేసిన సేవకు రసీదు ఇవ్వకపోవడాన్ని చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల జాబితాలోనే చేర్చింది. చీటీ ఇస్తే దాని మీద పేరు, వరుస సంఖ్య, తేదీ ఉన్నాయో లేదో చూడండి. తెల్ల కాగితం మీద ఇరవై అని రబ్బరు స్టాంపు వేసి ఇచ్చినా పారేయకండి, దాన్నీ ఫోటో తీయండి.

తరవాత బోర్డు ఫోటో. దగ్గరనుంచి ఒకటి, ధర చదవగలిగేలా. దూరంనుంచి ఇంకొకటి, స్టాండూ గేటూ కనబడేలా. బోర్డు లేకపోతే లేదని తెలిసేలా గేటు మొత్తం తీయండి. మీ బండి నంబరు ప్లేటు ఒక ఫోటోలో పడాలి. వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, అసలుది ఫోన్‌లోనే ఉంచండి. పక్కన ఇంకెవరైనా ఎక్కువ ఇచ్చి గొణుగుతుంటే వాళ్ల నంబరు తీసుకోండి. ఇద్దరి చీటీలు కలిస్తే అది పొరపాటు అనడానికి వీలుండదు.

డబ్బిచ్చేదాకా కదలనివ్వమని బండికి గొలుసు వేస్తే అది ధరల తగాదా దాటిపోయింది. 112కి ఫోన్ చేయండి. మనిషిని అక్రమంగా అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. జరిమానా అనే మాట కూడా ప్రైవేటు స్టాండువాడికి చెల్లదు. జరిమానా వేసే అధికారం చట్టం ఇచ్చిన పోలీసు, రవాణా, పురపాలక అధికారులకే ఉంది. స్టాండువాడు అడగగలిగింది ఒప్పుకున్న రుసుము, మహా అయితే తనకు నిజంగా జరిగిన నష్టం.

మూడో పని: మీ మాట చట్టంలో ఎక్కడుందో పట్టుకోండి

ఫిర్యాదు అంటే ఏమిటో వినియోగదారుల రక్షణ చట్టం 2వ సెక్షన్‌లోని 6వ క్లాజు చెబుతుంది. చట్టం నిర్ణయించిన ధర కన్నా గానీ, ప్రదర్శించిన ధరల పట్టిక కన్నా గానీ, ఇద్దరూ ఒప్పుకున్న ధర కన్నా గానీ ఎక్కువ తీసుకుంటే ఫిర్యాదు చేయొచ్చు. బోర్డు ఫోటో మీద ఇంత పట్టు అందుకే. అది లేకపోతే "రేటు ఇరవయ్యేనండి" అన్న మాటకు మీ దగ్గర జవాబుండదు.

టోకెన్ పోతే రెండొందలు కట్టాలన్న షరతు సంగతి వేరు. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని అపరాధ రుసుము అన్యాయమైన ఒప్పందం కిందకి వస్తుంది. అయితే అన్యాయమైన ఒప్పందాల మీద నేరుగా తేల్చే అధికారాన్ని చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్ నుంచే మొదలుపెట్టింది. అందుకని జిల్లాలో వేసేటప్పుడు ఎక్కువ వసూలు, రసీదు ఇవ్వకపోవడం, సేవాలోపం అన్న మాటలతోనే రాయండి.

"బండి పోతే మా బాధ్యత కాదు" అని చీటీ వెనక అచ్చేస్తారు. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్లో సిబ్బంది చేతికి తాళాలిచ్చిన కారు పోయింది. ఆ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు, అలాంటి అచ్చు మాట హోటల్ నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చదని తేల్చింది. తాళాలు మీ దగ్గరే ఉన్న స్టాండుకు ఆ తీర్పు అచ్చంగా అతకకపోవచ్చు. కానీ అచ్చేసి ఉన్నంత మాత్రాన వెనక్కి తగ్గక్కర్లేదు.

మన పిల్లలు ఇంగ్లండులో ఉంటే ఒక హెచ్చరిక. అక్కడ షాపింగ్ స్థలాల్లో కెమెరా చూసి, ఇంటికే నోటీసు పంపుతారు. చెల్మ్స్‌ఫర్డ్‌లో ఒక కారు యజమాని రెండు గంటలు దాటి ఉన్నందుకు వేసిన 85 పౌండ్లు చెల్లుతాయని 2015లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డులు పెద్ద అక్షరాల్లో, కొట్టొచ్చినట్టు ఉండడం అతన్ని ఓడించింది. మన ధైర్యం అక్కడికి ఎగుమతి చేయకండి.

నాలుగో పని: అసలు ధర రాబట్టండి

బోర్డే లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పంచాయతీని, ఆలయ అధికారిని, ఆర్టీసీ డిపోను, ఎవరిది ఆ స్థలమైతే వాళ్లను ఇవి అడగండి: కాంట్రాక్టరు పేరు, కాలవ్యవధి, వాహనానికి అనుమతించిన రుసుము, ధరల బోర్డు షరతు, ఒప్పందం నకలు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, మిగతా చోట్ల 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఒప్పందం నకలు చేతికొస్తే సగం కేసు అయిపోయినట్టే.

ఐదో పని: ఉత్తరం

కాంట్రాక్టరుకు, అతనికి పాట ఇచ్చిన సంస్థకు ఒకే ఉత్తరం రాయండి. ఇంత చాలు:

"ఫలానా తేదీ ఉదయం పది గంటలకు మీ స్టాండులో నా మోటార్‌సైకిల్ నిలిపాను. మీ బోర్డు ప్రకారం రుసుము 10 రూపాయలు, తీసుకున్నది 20. చీటీ, బోర్డు ఫోటో, చెల్లింపు వివరం జతచేశాను. అదనంగా తీసుకున్న 10 రూపాయలు 15 రోజుల్లో తిరిగివ్వండి, బోర్డు ధరకు మించి వసూలు చేయడం ఆపండి. లేనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను."

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే చేరినట్టు రుజువు వచ్చేలా పంపండి. చాలా తగాదాలు ఇక్కడే ముగుస్తాయి. పది రూపాయల కోసం పోస్టాఫీసుకు వెళ్లిన మనిషి ఇంకా ముందుకెళ్తాడని అవతలివాడికి తెలుసు.

1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పెద్ద మాల్ కంపెనీల మీద ఫిర్యాదుకు అది బాగా పనికొస్తుంది. ఊరి కాంట్రాక్టరు మీదైతే నా ఓటు సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకే. రసీదు తీసుకోండి, అదీ ఫైల్లో చేరుతుంది.

ఆరో పని: కమిషన్

ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. పాత చట్టానికీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది: మీరు ఉండే చోటే వేయొచ్చు. హైదరాబాద్ మాల్‌లో ఎక్కువ తీసుకున్నా, రాజోలు మనిషి హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. ఉమ్మడి తూర్పు గోదావరికి కాకినాడ, రాజమహేంద్రవరంలో కమిషన్లున్నాయి. మీ మండలం దేని కిందకి వస్తుందో ముందే అక్కడి కార్యాలయంలో అడగండి. 2025లో మొదలైన ఈ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో విచారణకూ అడగొచ్చు. ఫిర్యాదు స్వీకరించాలో లేదో మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. అవతలివారికి నోటీసు అందాక మూడు నెలల్లో తీర్పు రావాలని చట్టం అంటుంది. వాయిదాలు ఎక్కువే పడతాయని అనుకుని దిగండి.

ఏం కోరాలి? అదనంగా తీసుకున్న సొమ్ము, ఖర్చులు, కొద్దిపాటి పరిహారం. లక్షలు అడిగితే నవ్వులపాలవుతారు. ఒకటి మాత్రం మరవకండి: గుర్తించడానికి వీలుకాని ఎంతోమంది వినియోగదారులు నష్టపోతే, ఆ సేవ విలువలో 25 శాతానికి తగ్గకుండా కట్టించే అధికారం 39వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. తీర్థంలో వేల బండ్ల దగ్గర తలా పది ఎక్కువ తీసుకున్నవాడికి మీ పది రూపాయలు ఒక లెక్క కాదు, ఈ క్లాజు లెక్క.

ప్రతివాదుల పేర్లలో కాంట్రాక్టరు ఒక్కడినే పెట్టకండి. పాట గడువు తీరగానే అతను పోయి ఇంకొకడు వస్తాడు, ఆర్డరు పట్టుకుని వెతుక్కోవాల్సి వస్తుంది. రెండో ప్రతివాదిగా పాట ఇచ్చిన పంచాయతీనో, దేవస్థానాన్నో, డిపోనో చేర్చండి. వాళ్ల చిరునామా మారదు.