రంగులు మారే ఊలుతో వదులు టాప్

ఒకే దారంలో నాలుగైదు రంగులుండే ఊలుతో పొట్టి చేతుల టాప్ అల్లుదామా? ముందు చిన్న ముక్క అల్లి, మధ్యలో 10 సెం.మీ.కు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. నాకు 20 వచ్చాయి. ఛాతీ 80 సెం.మీ. అయితే వదులుకు మరో 20 కలపాలి. ముందు భాగం 50 సెం.మీ., అంటే 100 కుట్లు. వెనుకా అంతే. చేతులు వేరే అల్లక్కర్లేదు. వెడల్పుకు భుజం జారి అదే పొట్టి చెయ్యి అవుతుంది.

అసలు చిక్కు రంగులతోనే. ఒకే ఉండతో అల్లుతూ పోతే ఒక్కో రంగు ఒకచోట మరకలా పేరుకుంటుంది. రెండు ఉండలు పెట్టుకుని, రెండేసి వరుసలకు మార్చండి. ఉండలన్నీ ఒకేసారి కొనండి, కాగితం మీది లాట్ నంబరు ఒకటే ఉండాలి. నేను లూధియానాలో మొదలుపెట్టాను. నాన్నగారికి బదిలీ అయ్యాక విశాఖలో ఆ లాట్ దొరకలేదు. నా టాప్ వెనుక భాగం ఇప్పటికీ కాస్త ముదురే.