బోరు మోటారు వేగమును అదుపు చేయుట

చాల బోర్లు గంటసేపు నిండుగా పోసి, పిదప గాలితో కలిపి నీటిని విసరుచుండును. పంపు తోడినంత త్వరగా ఊట రాకపోవుటయే దీనికి కారణము. రైతులు గేటువాల్వును కొంత మూసి సరిపెట్టుకొందురు. నీరు తగ్గును గాని, మోటారు పూర్తి వేగముతోనే తిరుగుచు వాల్వు వద్ద శక్తిని వృథా చేయును. ఇట్టిచోట మోటారు వేగమునే తగ్గించుట మేలు. కరెంటు ఉచితము గదా, ఆదాతో మాకేమి యని అడుగువారున్నారు. వారికి బోరు గాలి పట్టకపోవుటయే లాభము.

మూడు ఫేజుల మోటారు వేగము కరెంటు హెర్ట్జును బట్టి యుండును. మనకు వచ్చునది 50 హెర్ట్జులు. దీనిని మార్చు పెట్టెను డ్రైవు అందురు. అందులో మైక్రోకంట్రోలరు అను గోరంత చిప్పు ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులను సెకనుకు వేలసార్లు వేసి తీయుచు, కోరిన హెర్ట్జులకు కరెంటును మలచును. వోల్టేజిని కూడ అదే పాళ్లలో తగ్గించును: 50కి 415 వోల్టులైనచో 40కి 332. ఫ్యాను రెగ్యులేటరువలె వోల్టేజి నొక్కదానినే తగ్గించినచో బోరు మోటారు వేడెక్కి వైండింగు కాలును.

40 హెర్ట్జుల వద్ద పంపునకు కావలసిన శక్తి సుమారు సగమునకు దిగును. ఈ మాట విని తొందరపడరాదు. నీటిని ఎత్తు సామర్థ్యము కూడ నూటికి 64 పాళ్లకు పడిపోవును. పూర్తి వేగమున అత్యధికముగా 100 మీటర్లు ఎత్తగల పంపు అప్పుడు 64 మీటర్లే ఎత్తును. నీటిమట్టము 70 మీటర్ల లోతున నున్నచో మోటారు తిరుగును, చుక్క రాదు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరచునది దాని ప్రక్కగా పారు నీరే గనుక, అది బోరులోనే కాలిపోవచ్చును. కావున వేసవిలో, పంపు నడుచుచుండగా నీరు ఎంత లోతుకు దిగుచున్నదో కొలిపించి, ఆ తరువాతనే కనిష్ఠ వేగమును నిర్ణయించుకొనుడు.

సోలారు పంపులలో ఎండను బట్టి కంట్రోలరే వేగమును మార్చును. ఉదయము మోటారు తిరుగుచున్నను నీరు ఆలస్యముగా వచ్చుటకు పై లెక్కయే కారణము.

నీరు తప్పినచో మోటారు తీసుకొను కరెంటు తగ్గును. చిప్పు దానిని కనిపెట్టి మోటారును ఆపు అమరిక ఉన్నదో లేదో కొనునపుడే అడుగుడు. స్విచ్చి తీసిన వెంటనే డ్రైవు మూత తెరవరాదు. లోపలి కెపాసిటర్లలో 500 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచియుండును.