శుక్రవారం పాఠం: ఈ లోకానికి విజిట్ మీద వచ్చినవాళ్ళం

డ్యూటీ దిగి రూముకు చేరినవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు, నైట్ షిఫ్టు బస్సు కోసం నిలబడినవాళ్ళు, ఒక పది నిమిషాలు దీన్ని నెమ్మదిగా చదవండి.

చదవవలసిన వాక్యభాగాలు: హెబ్రీయులకు 11:13-16, యిర్మీయా 29:4-7, మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయం.

ఈ వారం వాక్యంతో పాటు ఒక పాత పాటల ఆల్బం గురించి చెప్తాను. "ఇంగ్లీషు పాటలు మనకెందుకు బ్రదర్?" అనకండి. ముందు దాని పేరు వినండి. "ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్". అంటే మనం ఈ భూమికి ఊరికే చూసిపోవడానికి వచ్చినవాళ్ళం అని. విజిట్ వీసా అంటే ఏమిటో, అకామా గడువు అంటే ఏమిటో తెలిసిన మనకంటే ఈ పేరు ఎవరికి బాగా అర్థమవుతుంది?

ఈ ఆల్బం 1972లో వచ్చింది. పాడినవాడు లారీ నార్మన్. 1947లో అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టాడు, 2008లో ప్రభువునందు నిద్రించాడు. మొదట పీపుల్ అనే రాక్ బృందంలో పాడేవాడు. 1968లో వాళ్ళ పాట ఒకటి అమెరికా అంతా మోగింది. తరువాత బయటికి వచ్చి 1969లో "అపాన్ దిస్ రాక్" అనే ఆల్బం చేశాడు. క్రైస్తవ రాక్ సంగీతానికి అదే మొదలు అని చాలామంది అంటారు. ఆ కాలంలో అక్కడ పొడుగు జుట్టు పెంచుకుని, మత్తుమందులకు అలవాటుపడి తిరిగే యువకులు ఎందరో యేసు వైపు తిరిగారు. వాళ్ళ చెవికి తెలిసిన బాణీలో నార్మన్ సువార్త పాడాడు.

అయితే అతనికి రెండు వైపులా తలుపులు మూసుకున్నాయి. సంఘ పెద్దల్లో చాలామంది, ఈ గిటారు మోత దేవునిది కాదన్నారు. లోకం వాళ్ళేమో, ఇందులో యేసు ఎక్కువైపోయాడన్నారు. అయినా అతను పాడటం ఆపలేదు. చాలా ఏళ్ళకు అమెరికా జాతీయ గ్రంథాలయం, భద్రంగా దాచవలసిన రికార్డింగుల 2013వ సంవత్సరపు జాబితాలో ఈ ఆల్బంను చేర్చింది. ఏడాదికి 25 రికార్డింగులనే అలా ఎన్నుకుంటారు. ఇల్లు కట్టేవారు వద్దన్న రాయి మూలకు చేరడం మనకు కొత్త సంగతి కాదు కదా!

ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు ఉన్నాయి.

మొదటిది, బాణీని చూసి మనిషిని తోసేయకూడదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాటల పైన రాగం, తాళం పేర్లు రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) తెలుగువాళ్ళ చెవికి అలవాటైన రాగాల్లోనే ప్రభువును పాడారు. ఈరోజు మన కూటంలో ఇరవై ఏళ్ళ తమ్ముడు గిటారు పట్టుకుంటే ముఖం చిట్లించే పెద్దలు ఈ మాట ఆలోచించాలి. ఆ తమ్ముడు రేపటి నుంచి కూటానికి రాకపోతే శుక్రవారం సాయంత్రం ఎక్కడికి పోతాడో మనకు తెలుసు.

రెండవది, ఇదే అసలు పాఠం. విజిట్ మీద వచ్చినవాడికి బాధ్యత లేదని కాదు. మన క్యాంపుల్లో ఒక మాట ఉంది: "రెండేళ్ళే కదా, మనకెందుకు?" ఆ రెండేళ్ళు పన్నెండేళ్ళవుతాయి. మాట మాత్రం మారదు. పక్క బెడ్డు మీద బంగ్లాదేశ్ అన్న జ్వరంతో మూలుగుతుంటే, మనకెందుకు. కొత్తగా వచ్చిన పిల్లవాడు ఏజెంటు అప్పు తలుచుకుని రాత్రంతా ఏడుస్తుంటే, మనకెందుకు. ఇది పరదేశి భక్తి కాదు, గుండె గట్టిపడటం.

నార్మన్ ఆల్బం పేరులో "చూసిపోయేవాళ్ళం" అని పెట్టాడు. కానీ లోపలి పాటలు వినండి. టీవీ వార్తల్లో చూపించే యుద్ధం ఒక పాటలో ఉంది. నల్లజాతి వాళ్ళ మీద జరిగిన అన్యాయం, చంద్రుడి మీదికి పోయిన దేశంలో పిల్లల ఆకలి మరో పాటలో ఉన్నాయి. పరలోకం మన ఊరు అని నమ్మినవాడే ఈ భూమి మీద కన్నీళ్ళను అంత దగ్గరగా చూశాడు. యిర్మీయా కూడా బబులోనుకు చెరపట్టబడినవారికి అదే రాశాడు. అక్కడే తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి అన్నాడు. మనల్ని తీసుకొచ్చిన ఊరు మనది కాకపోయినా, అక్కడి మనుషులు దేవుని వాళ్ళే.

మూడవది, ప్రేమ లేకపోతే అంతా సున్నా. అతని పాటల్లో ఒకటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయం చుట్టూ తిరుగుతుంది. ఎంత గొప్పగా పాడినా, ఎంత పోరాడినా, ప్రేమ లేనివాడు ఏమీ కాదు. ఇంటికి డబ్బు పంపడం ప్రేమే. కానీ ఫోన్‌లో భార్యతో రెండు మంచి మాటలు కూడా పంపాలి.

వినాలనుకునేవాళ్ళు యూట్యూబ్‌లో వెతికి "ది ఔట్‌లా" పాటతో మొదలుపెట్టండి. గిటారుతో మెల్లగా సాగే పాట. యేసును ఒక్కొక్కరు ఒక్కోలా అనుకున్న సంగతి చెప్తుంది. ఇంగ్లీషు అర్థం కాకపోతే పిల్లల్ని అడగండి, పక్కనే మత్తయి 16:13-16 తెరిచి పెట్టుకోండి. పాడినవాడు కూడా మనలాంటి మట్టి మనిషే. అతన్ని కాదు, అతను చూపించిన ప్రభువును చూడండి.

కూటంలో మాట్లాడుకోవడానికి:
1. మీ రూములో "మనకెందుకు" అని మీరు వదిలేసిన మనిషి ఎవరు?
2. ఈ వారం ఆ మనిషి కోసం చేయగలిగిన ఒక్క పని ఏమిటి?
3. మన కూటంలో యువకుల పాటకు చోటుందా?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, పరదేశంలో ఉన్న మమ్మల్ని కాపాడుతున్నందుకు స్తోత్రం. మా అసలు ఊరు నీ దగ్గరుందని మరచిపోనీయకుము. ఇక్కడ ఉన్నన్నాళ్ళు పక్కవాడి కన్నీరు చూసే కళ్ళు మాకివ్వుము. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ఒంటరిగా ఉన్న ఒక్క సహోదరునికైనా దీన్ని పంపండి. పంపి ఊరుకోకుండా, అన్నం తిన్నావా అని కూడా అడగండి.