ఆకు పసుపైందా? ఎరువు వేసే ముందు మీ ఫోన్‌తో ఇలా డీబగ్ చేయండి

గ్రో లైట్ కొంటాం, కుండీ పెడతాం, మొలకలు వస్తాయి. కొన్ని వారాలకి ఆకులు పసుపు తిరుగుతాయి. వెంటనే చాలామంది చేసే పని ఇంకో చెంచా ఎరువు వేయడం. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేయడం లాంటిదే ఇది. అసలు సమస్య లైట్‌లోనో, నీళ్లలోనో ఉంటే ఆ చెంచా ఎరువే మొక్కని చంపొచ్చు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఎండ రాని గదిలో ఎల్‌ఈడీ కింద మిర్చి, తులసి, లెట్యూస్ పెంచుతున్నాను. మొక్కకి ఏదైనా అయితే నేను ఫాలో అయ్యే ఆర్డర్ ఇది.

స్టెప్ 1: ఎర్రర్ ఏ ఆకులో వచ్చింది?

రంగు కంటే ముందు చోటు చూడండి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం తక్కువైతే మొక్క వాటిని పాత ఆకుల నుంచి లాగి కొత్త ఆకులకి పంపుతుంది. అందుకే లక్షణాలు కింది ఆకుల్లో మొదలవుతాయి. ఆకు మొత్తం ఒకేలా పసుపైతే నత్రజని, అంచులు మాడితే పొటాష్, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం అనుమానించాలి.

ఐరన్, కాల్షియం అలా కదలవు. ఐరన్ లోపమైతే కొత్త ఆకులే ఈనెల మధ్య పసుపవుతాయి. కాల్షియం లోపమైతే చిగుళ్లు వంకర తిరుగుతాయి, కొసలు మాడతాయి.

లైట్ సమస్యకి లాజిక్ వేరు. బల్బుకి దగ్గరగా ఉన్న ఆకులే తెల్లబారుతుంటే లైట్ ఎక్కువైనట్టు. కాడ సన్నగా సాగిపోయి, ఆకుల మధ్య దూరం పెరిగి, మొక్క ఒక పక్కకి వాలితే లైట్ తక్కువైనట్టు.

స్టెప్ 2: లైట్‌ని కొలవండి

డబ్బా మీద రాసిన వాట్స్ చూసి మోసపోవద్దు. అది కరెంట్ ఎంత తాగుతుందో చెప్తుంది, ఆకు మీద ఎంత వెలుతురు పడుతుందో కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందు కెమెరా దగ్గర యాంబియెంట్ లైట్ సెన్సర్ ఉంటుంది. లక్స్ మీటర్ యాప్ వేసి, ఫోన్‌ని ఆకుల ఎత్తులో, స్క్రీన్ లైట్ వైపు ఉండేలా పెట్టండి. ఐఫోన్‌లో ఆ సెన్సర్ రీడింగ్ బయటి యాప్‌లకి ఇవ్వరు, కాబట్టి అవి కెమెరాతో అంచనా వేస్తాయి.

లక్స్ మన కంటి కొలత. మొక్కకి కావాల్సింది పీపీఎఫ్‌డీ. తెల్ల ఎల్‌ఈడీకి లక్స్‌ని సుమారు 70తో భాగిస్తే సరిపోతుంది. ఉదాహరణకి 14,000 లక్స్ అంటే దాదాపు 200. దాన్ని గంటలతో, తర్వాత 0.0036తో గుణిస్తే రోజు మొత్తం కోటా, అంటే డీఎల్ఐ వస్తుంది. రోజుకి 16 గంటలు వేస్తే 11.5. ఆకుకూరలకి మామూలుగా చెప్పే లెక్క 12 నుంచి 17 కాబట్టి వాటికి దాదాపు ఓకే. మిర్చి, టమాటాలకి 20 నుంచి 30 కావాలి, అంటే ఇది సగమే.

పర్పుల్ లైట్లకి ఈ లెక్క పని చేయదు. లక్స్‌లో ఆకుపచ్చ వెలుగుకి వెయిటేజ్ ఎక్కువ, ఎరుపు, నీలాలకి చాలా తక్కువ.

యూట్యూబ్‌లో గ్రో లైట్ రివ్యూలు చూసేటప్పుడు ఇంకో విషయం గుర్తుంచుకోండి. అమెరికా, కెనడా వీడియోలు చాలావరకు గంజాయి పెంచేవాళ్ల కోసం చేసినవి. వాళ్లు చెప్పే పీపీఎఫ్‌డీ 600 నుంచి 900 సెట్టింగ్ లెట్యూస్‌కి పెడితే కొసలు మాడతాయి. ఇక మన దేశంలో లైసెన్స్ లేకుండా గంజాయి పెంచడం 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం నేరం.

స్టెప్ 3: ఫొటో సరిగ్గా తీయండి

గ్రో లైట్ ఆఫ్ చేసి, పగటి వెలుతురులో, ఆకు పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి. లేకపోతే ఆటో వైట్ బ్యాలెన్స్ అసలు రంగునే మార్చేస్తుంది. ఆ ఫొటో మీద మొక్కల యాప్ చెప్పే జవాబుని కూడా నమ్మలేం.

మాక్రో మోడ్‌లో ఆకు అడుగు భాగం కూడా తీయండి. మిర్చి ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి ఉండే అవకాశం ఎక్కువ. పురుగు ఉంటే ఎరువు ఎంత వేసినా లాభం లేదు.

స్టెప్ 4: నీళ్ల టెస్ట్

ఆర్‌వో నీళ్లు చెక్ చేసే టీడీఎస్ మీటర్ ఇక్కడా పనికొస్తుంది. పోసిన నీళ్లని, కుండీ కింద నుంచి కారిన నీళ్లని రెండింటినీ కొలవండి. కింది రీడింగ్ చాలా ఎక్కువగా ఉంటే మట్టిలో ఉప్పు పేరుకుందని అర్థం. ఎరువు ఆపి మంచి నీళ్లతో బాగా కడగాలి. అయితే ఆ నీళ్లలో ఏ పోషకం ఎంత ఉందో మాత్రం ఈ మీటర్ చెప్పలేదు.

బోరు నీళ్లు చాలా చోట్ల గట్టి నీళ్లే. పీహెచ్ 7 దాటితే మట్టిలో ఐరన్ ఉన్నా వేరు తీసుకోలేదు. అప్పుడు ఇంకా ఎరువు వేస్తే ఉప్పు పెరుగుతుంది తప్ప పసుపు పోదు. ఆర్‌వో నీళ్లది ఇంకో సమస్య. అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. మనం వాడే 19:19:19లో ఉండేది నత్రజని, భాస్వరం, పొటాష్. మిగతా రెండూ విడిగా ఇవ్వాలి.

స్టెప్ 5: ఒక్కసారి ఒక్కటే మార్చండి

లైట్ ఎత్తు, ఎరువు, నీళ్లు మూడూ ఒకేరోజు మారిస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలీదు. ఒకటి మార్చి, తేదీ వేసి ఫొటో తీసి, వారం పది రోజులు ఆగండి. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు, కాబట్టి పాత ఆకుని కాకుండా కొత్తగా వచ్చే ఆకుని చూడండి. అది ఆరోగ్యంగా వస్తే ఫిక్స్ పనిచేసినట్టే. రాకపోతే ఆ మార్పు వెనక్కి తీసి, లిస్ట్‌లో తర్వాతి దానికి వెళ్లండి.