టెంక మొక్కల్లో ఏవి ఉంచాలి

నూజివీడు

చి. మాధవికి,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను తల్లీ. వేసవిలో తిన్న బంగినపల్లి టెంకలు పాతితే పద్నాలుగు మొలిచాయన్నావు, ఏదీ పీకబుద్ధి కావడం లేదన్నావు. మీ పెరట్లో మామిడిచెట్టు ఒకటి పడుతుంది, మహా అయితే రెండు. పీకక తప్పదు.

ముందు ఒక సంగతి తెలుసుకో. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. అందులో పిండం ఒక్కటే ఉంటుంది. అది తల్లిచెట్టుకీ, ఏ చెట్టు నుంచో ఈగలు మోసుకొచ్చిన పుప్పొడికీ పుట్టింది. కాయ తియ్యగా ఉంటుందో, పుల్లగా ఉంటుందో, పీచు తేలుతుందో ఏడెనిమిదేళ్లు ఆగితే గాని తెలియదు. రసాలూ, కలెక్టరూ, సువర్ణరేఖా కూడా అంతే. కాబట్టి ఆకు చూసి మంచి కాయ ఎంచుకోలేం. మనం ఎంచగలిగింది గట్టి మొదలు, దాని మీద అంటు కట్టడానికి.

పొడుగు చూసి మోసపోకు. నీడన పెరిగింది వెలుతురు కోసం సాగుతుంది, వేలితో కదిపితే వాలిపోతుంది. మొక్క మొదట్లో మట్టి కాస్త తీసి చూడు. టెంక తలకిందులుగా పడితే కాండం అక్కడ కొక్కెంలా తిరిగి పైకొస్తుంది. పైన ఎంత కళకళలాడుతున్నా అలాంటిదాన్ని తీసెయ్. ఎన్నేళ్లు పెరిగినా ఆ మొదలు సర్దుకోదు. మొలిచి అక్కడే ఆగిపోయినవాటి గురించి ఆలోచించనే అక్కర్లేదు.

మీ కేరళ స్నేహితురాలు ఇచ్చిన ఓలూర్ టెంకలో మూడు మొలకలు వచ్చాయని కంగారుపడ్డావు. ఆ రకం తీరే అంత, ఒకే టెంకలో చాలా పిండాలుంటాయి. ఎక్కువ భాగం తల్లిచెట్టు కణాల నుంచే పుడతాయి, అచ్చంగా తల్లి పోలికే. పుప్పొడి కలిసి పుట్టింది తరచు బక్కగా ఉంటుంది. బక్కదాన్ని తీసి, మిగతా రెంటినీ వేళ్లు తెగకుండా విడదీసి చెరో కుండీలో పెట్టు. వాటికి అంటు అక్కర్లేదు.

బంగినపల్లివి బాగున్నవి అయిదో ఆరో ఉంచు. ఇప్పుడిప్పుడే మొలిచి, ఆకు ఇంకా రాగిరంగులో ఉన్నవాటికి ఈ వానల్లోనే అంటు కట్టేద్దాం. ఆకు ముదిరినవి పెన్సిలంత లావయ్యేదాకా, దాదాపు ఏడాది ఆగాలి.

ఒక్కదాన్ని మాత్రం అంటు కట్టకుండా మన చేనుగట్టున పాతుదాం. ఇవాళ పేరుపెట్టి పిలుచుకుంటున్న పాత రకాలు దాదాపు అన్నీ ఒకప్పుడు ఎవరో పీకకుండా వదిలిన టెంక మొక్కలే. నీ మొక్క ఏం కాస్తుందో చూడాలని నాకూ ఉంది. పుల్లటి కాయైతే మీ పెద్దమ్మ ఆవకాయ పెడుతుంది.

వచ్చే ఆదివారం బయల్దేరుతున్నావుగా. అంటు కోసం కాపుచెట్టు రెమ్మలకి ఆకులు నిన్ననే కోసి ఉంచాను, నువ్వొచ్చేసరికి చివరి మొగ్గలు ఉబ్బుతాయి. మొక్కల్ని పెరికి సంచిలో వేసుకు రాకు, మట్టితో సహా తీసుకురా. ముందురోజు సాయంత్రమే నీళ్లు పోసి ఉంచు, తెల్లారి పోస్తే కారంతా బురదవుతుంది.

మీ పెదనాన్న