మన, మా, మీ – పరీక్షలో కథ వ్రాయు పద్ధతి



‘ఈ ఊరు నాది, వీరు నావారు అనే భావం ఇతివృత్తంగా చిన్న కథ వ్రాయండి’ అని తెలుగు పరీక్షలో అడిగితే, చాలామంది కథ వ్రాయరు. సమైక్యతను గురించి ఒక ఉపన్యాసం వ్రాసి, మొదట ‘అనగనగా’ అని చేరుస్తారు. మరికొందరి కథ కథగానే ఉంటుంది. కాని అందులోని ఇల్లు వారిది కాదు.

ఈ రెండవ పొరపాటు మేమూ చేసినదే. పాఠశాలలో ఇటువంటి ప్రశ్నకు మేము సంక్రాంతి ముగ్గులు, గొబ్బెమ్మలు, తులసికోట గల ఇంటిని వర్ణించి, కథానాయకునికి రవి అని పేరు పెట్టాము. మార్కులు బాగానే వచ్చాయి. ఆ ఇల్లు మా పొరుగువారిది. మా దాది, ఆమె పాన్‌దాన్, వాకిటి పరదా ఆ కథలో ఎక్కడా లేవు. పొరుగింటిని ప్రేమతో వర్ణించడం దోషం కాదు. పేరు మార్చుకొంటే తప్ప తెలుగు కథలో మనకు చోటు లేదని నమ్మడమే దోషం. నేడు జవాబుపత్రాలు దిద్దుతున్నప్పుడు మన విద్యార్థుల కథల్లో ఆ రవియే మాకు తరచుగా ఎదురవుతున్నాడు.

ఈ ఇతివృత్తానికి కీలకం మన వ్యాకరణంలోనే ఉన్నది. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో ‘మనము’ వేరు, ‘మేము’ వేరు. వినేవానిని కలుపుకొంటే ‘మన ఊరు’; వెలుపల ఉంచితే ‘మా ఊరు’. ‘మన’ అన్న నోటనే ‘మీ’ అన్న మాట వెలువడిన క్షణంలో కథ పుడుతుంది.

ఉదాహరణకు ఒక కథను కల్పించి చూద్దాం. నంద్యాలలో చదువుకొంటున్న ఖాదర్ శనివారం సాయంత్రం ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాడు. ప్రక్కన ఒక ముసలి రైతు. ‘మన కాలువకు నీళ్ళు’, ‘మన పక్క వానలు’ అంటూ ఆయన దారి పొడవునా ముచ్చటించాడు. శిరివెళ్ళలో దిగబోతూ, “పేరేంది నాయనా?” అని అడిగాడు. ఖాదర్ చెప్పాడు. “మీవాళ్ళల్లో ఇంత బాగా తెలుగు మాట్లాడేటోణ్ణి ఇప్పుడే చూస్తాండా!” అని ముసలాయన మెచ్చుకొన్నాడు.

ఆయన మనసులో ద్వేషం లేదు. ఆ మాట నిజంగా మెప్పే. అయినా అంతవరకు ‘మన’లో ఉన్న బాలుడు ఒక్క మాటతో ‘మీ’లోకి జరిగిపోయాడు. ముసలాయనను దుష్టునిగా చిత్రిస్తే కథ చెడుతుంది.

ముగింపు ఎట్లా? ఖాదర్ చేత ఉపన్యాసం చెప్పించకండి. అతడు బదులు పలుకక, పైనున్న సంచిని దించి తాతకు అందించాడు. ఇల్లు చేరాక అమ్మీ ఉర్దూలో, ఇంత ఆలస్యమెందుకని అడిగింది. అతడు తనకు తెలియకుండానే తెలుగులో జవాబు చెప్పాడు. కథ అక్కడ ఆగాలి. తక్కినది పాఠకుడే గ్రహిస్తాడు.

దీనినుండి గ్రహించవలసినవి నాలుగు. ఒకే సంఘటన తీసుకోండి. రెండు పాత్రలు చాలు. మీరు కన్న వస్తువులనే పేర్కొనండి. నీతిని మాటల్లో గాక, చేతల్లో చూపండి. వ్రాయడానికి ముందు చివరి వాక్యం నిర్ణయించుకొంటే కాలం వృథా కాదు.

‘దాది’, ‘అమ్మీ’ వంటి మాటలు వ్రాస్తే మార్కులు తగ్గుతాయేమోనని కొందరు భయపడతారు. జిల్లా, రైతు, దస్తావేజు, ఖాళీ అనే మాటలు అరబ్బీ, ఫారసీల నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే కదా! పాత్ర నోట సహజంగా వచ్చే మాట తప్పు కాదు. అక్షరదోషం మాత్రం తప్పే.

ఈ మార్గంలో మనకు ముందు నడచినవారున్నారు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు నుడికారంలో సాగాయి. స్కైబాబ 2004లో ముస్లిం కథలను ‘వతన్’ పేరుతో సంకలనం చేశారు. ఆ పేరుకు స్వస్థలమని అర్థం. మన పొరుగున ఉన్న కడప జిల్లా రచయిత వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలో, శుక్రవారం నమాజుకు వెళ్ళమని కొడుకును పోరే తల్లి, 2007లో హైదరాబాదు మక్కా మసీదు పేలుడు తరువాత వెళ్ళవద్దంటుంది. ఒక తల్లి మాట మారడంలోనే కథ అంతా ఉన్నది.

ఆళ్ళగడ్డ శిల్పి దూరదేశపు రాయి కోసం ఎదురుచూడడు. చేతికి అందిన రాతిలోనే రూపం చూస్తాడు. మీ ఇల్లు, మీ వీధి, మీరెక్కిన బస్సు మీ రాయి. రాబోయే పరీక్షలో రవికి బదులు ఖాదర్, రవి ఇద్దరూ తమ తమ పేర్లతో ఒకే బెంచీపై కూర్చున్న కథ మా చేతికి వస్తుందని ఆశిస్తున్నాము.