ఇస్రో పరీక్షకు ముందే ఎక్కాల్సిన మెట్టు

అంతరిక్ష రంగంలో ఉద్యోగం అనగానే మన పిల్లలు మొదట అడిగేది పరీక్ష గురించే. సిలబస్ ఏమిటి, కటాఫ్ ఎంత, గేట్ స్కోరు పనికొస్తుందా అని. పరీక్ష రాయాల్సిందే. కానీ ఉపగ్రహం కట్టగల మనిషి తయారయ్యేది యూనివర్సిటీ ల్యాబులో. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్ల లెక్క కంటే ముందు, అక్కడ విద్యార్థుల చేతికి పరికరాలు ఇస్తారా లేదా అని కనుక్కోమంటాను.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం విద్యార్థులు ఏం చేశారో చూడండి. 2006 జనవరిలో ప్లూటో వైపు బయల్దేరిన న్యూ హొరైజన్స్ వ్యోమనౌకలో ధూళిని లెక్కపెట్టే పరికరం వాళ్లు డిజైన్ చేసి కట్టిందే. పలుచని ప్లాస్టిక్ పొరకు ధూళి రేణువు తగిలితే చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. మరి నౌక థ్రస్టర్లు పనిచేసినప్పుడు వచ్చే కుదుపుకీ సంకేతం పుడితే? అందుకని 12 పొరల్ని ధూళికి ఎదురుగా అమర్చి, మరో రెండింటిని ధూళి తగలని చోట పెట్టారు. ఆ రెండింటిలోనూ అలాంటి సంకేతాలే వస్తున్నాయంటే అవి ధూళివి కావన్నమాట. నా కొలత తప్పయితే అది నాకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్న వేసుకోవడం అలవాటైన కుర్రాడు ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందైనా ధైర్యంగా కూర్చోగలడు.

2015 జూలైలో నౌక ప్లూటోను దాటేనాటికి ఆ పరికరం కట్టినవాళ్లు చదువులు ముగించుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. పనిని తర్వాతి బ్యాచ్‌లు అందుకున్నాయి. చేసిన ప్రతి పనినీ రాసిపెట్టకపోతే ఇది కుదరదు. మన దగ్గర ప్రాజెక్టు రిపోర్టును ఆఖరి వారంలో అతికించేస్తున్నారు. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ఆ అలవాటు ఈరోజే మానుకోవాలి.

ఇదంతా ఐఐటీ ర్యాంకర్లకే అనుకోకండి. 2010 జూలైలో శ్రీహరికోట నుంచి ఎగిరిన స్టూడ్‌శాట్ ఉపగ్రహాన్ని బెంగళూరు, హైదరాబాద్‌లలోని ఏడు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి కట్టారు. బరువు కిలో లోపే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లకు తిరువనంతపురంలో అంతరిక్ష విద్యా సంస్థ ఐఐఎస్‌టీ ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయ ల్యాబు తదితర సంస్థలతో కలిసి ఐఐఎస్‌టీ రూపొందించిన ఇన్‌స్పైర్‌శాట్-1 ఉపగ్రహం కూడా 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచే వెళ్లింది. ఫిజిక్స్ చదివి పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల పెద్ద రాడార్‌తో పైవాతావరణాన్ని గమనిస్తోంది; పీహెచ్‌డీ చేసేవాళ్లను తీసుకుంటుంది. స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి ప్రైవేటు సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఈసీఈ, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ బ్రాంచీలన్నిటికీ ఇక్కడ పని ఉంది.

మీ కాలేజీలో ఇలాంటి ల్యాబు, అవకాశాలు లేకపోతే ఒక ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) కొనండి. చిన్న యాంటెన్నా పెట్టి మేడ మీద నుంచే ఉపగ్రహాల సంకేతాలు పట్టుకోవచ్చు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం మన నెత్తిమీద సుమారు పది నిమిషాలే ఉంటుంది. అది ఎప్పుడొస్తుందో, ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే చూసుకుని సిద్ధంగా ఉండాలి. అందుకున్న సంకేతాలను, అందనప్పుడు దానికి కారణాన్ని తేదీలతో నోట్సులో రాసుకోండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు ఆ నోట్సు జతచేయండి.